కార్తీకం కబుర్లు: కత్తెర పదును పెట్టే వేళ

సద్దుల బతుకమ్మను సాగనంపి ఎంతో కాలం కాలేదు, అప్పుడే మెదక్ ఇళ్లలో తెల్లవారుజామున ఫ్యాను ఆపాలా వద్దా అన్న తగాదా మొదలైంది. రాష్ట్రంలో ఎక్కడ ఎంత చలి అని వాతావరణ శాఖ చెప్పేటప్పుడు ఆదిలాబాద్ వెంటే మన ఊరి పేరూ తరచుగా వినపడుతుంది. పట్నం చుట్టాలు ఫోన్లో అయ్యో అంటారు. పూల మొక్కలున్నవాళ్లు మాత్రం లోపల్లోపల సంబరపడతారు.

వడ్లు రోడ్డెక్కాయి. సగం రోడ్డు బండ్లకు, సగం వడ్లకు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు కాబట్టి ఆరబోసినవాళ్లు మబ్బు వైపు చూస్తున్నారు, బండి నడిపేవాళ్లు వాళ్ల వైపు చూస్తున్నారు. సీతాఫలాల గంపలు ఇంకొన్నాళ్లే. ఉసిరి చెట్టు ఎవరి చేన్లో ఉంటే వాళ్లకు చుట్టాలు పెరిగారు, వనభోజనాల కాలం మరి. కోత మిషన్ వెనక మిగిలిన వరిగడ్డి ఎక్కడైనా కనబడితే అడిగి ఒక మోపు తెచ్చి పెట్టుకోండి. దానితో పని ఉంది.

అసలు కబురేమిటంటే, గులాబీ మొక్కల బండ్లు దిగాయి. ఏటా ఈ రోజుల్లోనే కడియం నుంచో హైదరాబాద్ నుంచో ఆటో ట్రాలీల్లో వస్తాయి. చేతి పిడికిలంత పువ్వు, చిలకపచ్చ ఆకు, పక్కన పసుపు, ఆ పక్కన నారింజ రంగు. చూసి ఆగని మనిషి ఉండడు. వాటిలో చాలామటుకు అడవి గులాబీ వేరు మీద కట్టిన అంటు మొక్కలు. మందులూ మాకులూ అందే చోట అవి వెలిగిపోతాయి, కాదనను. మన వాకిట్లో ఒక ఎండాకాలం గడిచేసరికి పై అంటు ఎండిపోయి, కింది వేరు నుంచి పిలకలు దూసుకొస్తాయి. ఏపుగా పెరుగుతున్నాయని మురిసి నీళ్లు పోస్తాం. పువ్వు మాత్రం రాదు, ఎందుకంటే పెరుగుతున్నది మనం కొన్న గులాబీ కాదు. అంటు కట్టిన ముడి కిందనుంచి వచ్చే పిలకను కనబడగానే మొదలుకంటా లాగేయాలి.

నన్నడిగితే బండి దగ్గర డబ్బులు పెట్టేకన్నా, పాత ఇల్లున్న వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి ఒక కొమ్మ తెచ్చుకోవడం మేలు. మెదక్ పాత వాడల్లో బావిగడ్డ పక్కన ఎవరూ పట్టించుకోకపోయినా నడుమెత్తు పొదలా పెరిగి, గుత్తులుగా పూసే లేతరంగు నాటు గులాబీ ఇంకా అక్కడక్కడ ఉంది. పువ్వు చిన్నదే, రెక్కలు రెండో రోజుకే రాలతాయి, ఫ్లవర్‌వాజులో పనికిరాదు. వాసన మాత్రం ముందు పలకరిస్తుంది, పువ్వు తర్వాత కనబడుతుంది. మా వీధి అవ్వ ఒకామె మాట వినండి: “గులాబ్ చెట్టుకు గారాబం జెయ్యొద్దు బిడ్డా. జేస్తె నెత్తికెక్కుతది, జెయ్యకపోతె పువ్విస్తది.”

నాటు గులాబీ అంటే ఒక్క రకం కాదు. తమిళనాడు, కర్ణాటక వైపు దండల కోసం సాగుచేసే ఎడ్వర్డ్ రోజ్ కూడా ఈ బాపతుదే. దాని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి అంటారు, ఆ దీవికి అప్పట్లో బూర్బన్ అని పేరు. అక్కడ చేలకు కంచెగా నాటిన చైనా గులాబీ, డమాస్క్ గులాబీ వాటంతటవే కలిసి పుట్టిన మొక్క. 1819 ప్రాంతంలో దాని విత్తనాలు ఫ్రాన్స్ చేరాక బూర్బన్ గులాబీల వంశమే మొదలైంది. కంచెకు నాటినదానికి ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరు మందు కొడతారు? ఆ మొండితనం పుట్టుకతో వచ్చింది. ముదురెరుపు కావాలంటే గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ అని 1897లో బయటికొచ్చిన పాత రకం ఒకటుంది. నర్సరీలో ఆ పేరుతో నోరు తిప్పుకోనక్కర్లేదు, వాసనున్న ముదురెరుపు నాటు అని అడిగి చూడండి.

ఆ మొండితనం కోసం శాస్త్రం తెలిసినవాళ్లు కూడా ఏళ్లకేళ్లు తపస్సు చేశారు. అమెరికాలో విలియం రాడ్లర్ అనే ఆయన నల్లమచ్చ తెగులు పట్టిన ఆకులు ఏరి, ఎండబెట్టి, పొడి చేసి, తన నారు మీద తానే చల్లేవాడు. చచ్చినవి చచ్చాయి, తట్టుకున్నదాని పేరు నాకౌట్. 2000లో మార్కెట్లోకి వచ్చి, గులాబీ అంటే భయపడేవాళ్ల ఇళ్లలోకి కూడా చేరిపోయింది. మనకు ఇంకాస్త దగ్గరివారు ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా చేస్తూ, గడువుకు ముందే కొలువు వదిలి, భార్య గిరిజతో కొడైకెనాల్ చేరి గులాబీల సంకరం మీద కూర్చున్నారు. యూరప్ గులాబీ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోయే జాతి, వేడి దేశాలకు ఏడాది పొడవునా పచ్చగా ఉండే జాతి కావాలన్నది ఆయన పట్టు. అందుకు ఈశాన్యపు అడవి గులాబీ రోసా జైగాంటియాను, గంగా మైదానంలో వరద నీళ్లలో మునిగినా బతికే రోసా క్లైనోఫిల్లాను వాడారు. వరదలో మునగడం, తేలడం మన ఏడుపాయల వనదుర్గమ్మకు ఉన్నదే కదా, మంజీరా పొంగినప్పుడల్లా.

తెచ్చిన కొమ్మను ఎక్కడ పెట్టాలి? సున్నం వేసిన ఇటుకలు పేర్చి, మధ్యలో ఒక్క గులాబీలనే వరుసగా నిలబెట్టే ఆఫీసు తోటలు నాకు నచ్చవు. అక్కడ ఒక్క తెగులు వచ్చిందంటే వరుసంతా పోతుంది. తంగేడు, గునుగు, బంతి, తులసి ఉన్న మూలలోనే, గాలి ఆడేలా మూడడుగుల ఎడం వదిలి పెట్టండి. గునుగు గింజలు ఇప్పటికే రాలిపోయి ఉంటాయి, వచ్చే వానకు వాటంతటవే లేస్తాయి. బంతి వేర్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి కాబట్టి అది పక్కనుంటే లాభమే. రోజుకు ఆరు గంటల ఎండ మాత్రం తప్పదు. మన ఎర్ర చెల్క నీళ్లు నిలవనివ్వదు, గులాబీ వేరుకు అదే కావాలి. ఒకటిన్నర అడుగు గుంత తీసి, తీసిన మన్నులో మాగిన పశువుల పెంట కలిపి నింపితే చాలు. రేగడి నేలైతే నీళ్లు నిలవకుండా చూసుకోండి. ఇందాక చెప్పిన వరిగడ్డిని మొదలు చుట్టూ పరచండి, కాండానికి ఆనకుండా. నీళ్లు రోజూ చిలకరించేకన్నా వారానికి రెండుసార్లు నిండుగా పోయడం మంచిది. పొద్దున, నేల మీద. సాయంత్రం ఆకుల మీద పోస్తే నల్లమచ్చను మనమే పిలిచినట్టు.

ఇప్పటికే పొద ఉన్నవాళ్లు కత్తెర తీయండి. దీపావళి దాటాక కత్తిరిస్తే 45 నుంచి 60 రోజుల్లో పూత, లెక్క క్రిస్మస్‌కు సరిపోతుంది. పిడికిలంత పూల డచ్ గులాబీని మోకాలి ఎత్తుకు నరికినట్టు నాటుదాన్ని నరకొద్దు. ఎండుపుల్లలు, లోపలికి పెరిగి రాసుకునే కొమ్మలు తీసేసి, పైన మూడో వంతు తగ్గిస్తే సరి. బయటి వైపు చూస్తున్న మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. కోసిన చోట పసుపు, పేడ కలిపి రాస్తారు మనవాళ్లు. కోసిన కొమ్మల్లో పెన్సిలంత మందమున్నవి ఏరి, జానెడు ముక్కలు చేసి, సగానికి పైగా మట్టిలో గుచ్చండి. అన్నీ బతకవు. వానాకాలంలో గుచ్చినవి ఎక్కువగా బతుకుతాయి.

చలి ముదిరేకొద్దీ లేత చిగుళ్లకు పేనుబంక పడుతుంది. చీమలు వరుస కట్టాయంటే అదే గుర్తు. వెంటనే మందు డబ్బా కోసం పరుగెత్తకండి. పదిహేను రోజులు ఓపిక పడితే అక్షింతల పురుగులు వచ్చి పని చూసుకుంటాయి. మందు కొడితే ముందు చచ్చేవి అవే. మరీ ఎక్కువైతే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట. ఆకుల అంచున రూపాయి బిళ్లతో గీసి కోసినట్టు గుండ్రటి కోతలు కనబడితే కంగారొద్దు. ఒక రకం తేనెటీగ గూటి కోసం ఆకు ముక్క పట్టుకుపోయింది, అంతే. చిల్లి లేని ఆకు కోసం తోటంతా విషం చేసుకోవడం నాకు దండగ పనిలా తోస్తుంది.

కోతులకు మాత్రం నా దగ్గర మందు లేదు. ముల్లుంటే రావనుకోవడం ఉత్త భ్రమ. మొగ్గను తొడిమతో సహా తుంచి, కాంపౌండ్ గోడ మీద కూర్చుని, మన కళ్లలోకి చూస్తూ తింటాయి. పొద గులాబీకి ఉన్న సౌకర్యం ఒక్కటే, పది మొగ్గలు పోయినా ఇంకో పది వస్తాయి. పిడికిలంత పువ్వు ఒక్కటే పూసే మొక్క ఉన్నవాళ్ల బాధ చెప్పనలవి కాదు.

క్రిస్మస్ అంటే మన ఊరు మన ఊరిలా ఉండదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో జనానికి పని, తిండి చూపిస్తూ కట్టించిన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది, 2024లో నూరేళ్లు నిండాయి. 2022లో అక్కన్నపేట నుంచి రైలు లైను పడ్డాక పండగ జనానికి రైల్లో దిగేవాళ్లూ తోడయ్యారు. పండగ రోజుల్లో బజార్లో గులాబీ ధర అడగకపోవడమే మర్యాద. పెరట్లో పొద ఉన్నవాళ్లకు అప్పుడు కాస్త గర్వం.

పోచారం చెరువు వైపు వెళ్లే పని ఉంటే బైనాక్యులర్ పట్టుకెళ్లండి. హిమాలయాలు దాటి వచ్చే, తల మీద నల్లచారలున్న బాతులు దిగే కాలం ఇదే. సంక్రాంతికి జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల పాత పంటల జాతర ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతుంది. విత్తనాల మీద ఇష్టమున్నవాళ్లు అటో చూపు వేయొచ్చు. గులాబీకి ఆ సంక్రాంతి రోజుల్లోనే మొదటి పూత అయిపోతుంది. వాడిన పూలను ఐదాకుల రెమ్మ దాకా కోసేసి, మొదట్లో రెండు దోసిళ్ల పెంట వేస్తే రెండో పూత. శివరాత్రికి ఏడుపాయల జాతర అయి, చలి శివశివా అంటూ వెళ్లిపోయాక మాత్రం కత్తెర ముట్టొద్దు, ఎరువు వేయొద్దు, కొత్త మొక్క కొనొద్దు. గడ్డి ఇంకాస్త మందంగా కప్పి, నీళ్లు మాత్రం చూసుకోండి. ఆ తర్వాత పని మృగశిర దాటాకే.