షికాగో నుంచి ఆళ్లగడ్డకు

శంషాబాద్‌లో విమానం దిగి బస్సెక్కేసరికి తెల్లవారింది. మా చర్చి యువజనుల్లో దాదాపు అందరూ షికాగోలో పుట్టి పెరిగినవాళ్లే. అమ్మమ్మలు మాట్లాడే తెలుగు వాళ్లకు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లిషులోనే వస్తుంది. వాళ్లకు తోడుగా వెళ్లిన పెద్దవాళ్లలో నేనొకదాన్ని. పుట్టింది కాకినాడలోనే అయినా రాయలసీమలో కాలుపెట్టడం నాకూ అదే మొదలు. క్రిస్మస్ సెలవుల్లో ఆళ్లగడ్డ దగ్గరి ఒక పిల్లల హోమ్‌లో ఉండి, చేతనైన పని చేసి రావాలని బయల్దేరాం.

బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు ముంగిట తుంగభద్ర దాటాం. అక్కడ నంద్యాల రోడ్డు పట్టగానే నేల తీరే మారిపోయింది. ఓర్వకల్లు దగ్గర ఎవరో పనిగట్టుకుని పేర్చిపెట్టినట్టు పెద్ద పెద్ద బండలు. పాణ్యం దాటాక నల్లరేగడి. మా గోదావరి డెల్టాలో ఎటు చూసినా వరి, కాలవ, కొబ్బరిచెట్టు. చూపుకు అడ్డంగా కొండ ఉండదు. ఇక్కడ తూర్పువైపు నల్లమల కొండల వరస మనతోపాటే వస్తుంది. రేగడి చేలల్లో పప్పుశనగ, జొన్న. కాలవ పారే చోట మాత్రం వరి. ఆ కాలవ కేసీ కెనాల్ అని, సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోతుందని, ఒకప్పుడు అందులో పడవలు కూడా నడిచాయని డ్రైవరన్న చెప్పాడు. కాటన్ దొర తవ్వించిన కాలవల పక్కన పెరిగినదాన్ని కదా, ఆ మాట వినగానే కొత్త ఊళ్లో చుట్టం కనిపించినంత సంతోషమేసింది.

నంద్యాల చేరేసరికి మధ్యాహ్నం. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఊరు. చుట్టూ నవనందులు, వాటిలో కొన్ని ఊళ్లోనే. ఒక వీధిలో శివాలయం, పక్క వీధిలో మసీదు, ఆ వెనక చర్చి. డిసెంబరు కాబట్టి క్రైస్తవుల ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి. షికాగోలో ఈ రోజుల్లో ఇళ్ల నిండా దీపాలుంటాయి, చలికి వీధిలో మనిషే కనిపించడు. ఇక్కడ నక్షత్రం వెలిగించిన ప్రతి ఇంటి గడపలోనూ ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. సాయంత్రానికి ఊరి జనమంతా స్వెట్టర్లు, మంకీ క్యాపులు తొడుక్కున్నారు. మా పిల్లలు చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఇంత హాయిగా ఉంటే వీళ్లకు చలేమిటని ఆశ్చర్యపోయారు.

మర్నాడు పొద్దున తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మేం మరమరాలనే వాటిని ఇక్కడ బొరుగులంటారు. నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. ఒక ముద్ద ఉగ్గాని, ఒక కొరుకు బజ్జీ. మా జట్టులో కారమంటే భయపడే కుర్రాడు కూడా కళ్లనీళ్లు తుడుచుకుంటూనే రెండో ప్లేటు అడిగాడు. మీరు వెళ్తే హోటల్ గదికి ఫలహారం తెప్పించుకోకండి. పొద్దున్నే వీధిలోకి వెళ్లి బండి దగ్గర నిలబడి తినండి.

నంద్యాల క్రైస్తవులది చాలా పాత కథ. ఎస్‌పీజీ అనే ఇంగ్లండు మిషన్ 1850ల నుంచే ఈ ప్రాంతంలో పనిచేసింది. చాగలమర్రి వైపున్న ముత్యాలపాడు దాని తొలి కేంద్రాల్లో ఒకటి. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు అందులో చేరకుండా చాలా ఏళ్లు విడిగా ఉండి, తర్వాత కలిశారు. అక్కడి ఆదివారం ఆరాధనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచారు. షికాగోలో మేం పాడుకునేదీ అందులోంచే. డోలక్ దరువు మాత్రం మా కీబోర్డుకంటే ఎంతో జోరుగా ఉంది. మా పిల్లలు తాళం వేస్తూ పాట అందుకున్నారు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల దూరం, హైవే మీద హాయిగా సాగిపోయే దారి. హైవే దిగాకే మాకు తికమక మొదలైంది. ఫోన్లో మ్యాప్ చూపించిన దారి ఒక శనగచేను గట్టు దగ్గర ఆగిపోయింది. గొర్రెలు కాస్తున్న పెద్దాయన దగ్గరికొచ్చి, "యాడికి పోవాల మీరు?" అని అడిగాడు. చెప్పాం. "ఈ దావ కాదు. ఎనక్కి పోయి చింతమాను కాడ కుడిపక్కకు తిరగండి" అన్నాడు. చింతమాను దగ్గరికి వస్తే దారులు రెండున్నాయి. అక్కడ బట్టలుతుకుతున్న ఆమె చేతులు తుడుచుకుని, తన కొడుకును సైకిలెక్కించి మా బస్సు ముందు పంపింది. ఆ అబ్బాయి ఊరిదాకా దారి చూపించి, ఇచ్చిన డబ్బు పుచ్చుకోకుండా వెనక్కి తిరిగాడు. మా వీధిలో దారి తప్పిన మనిషికి ఫోన్ తెరిచి చూపిస్తాం, వెంట పోము.

హోమ్ దగ్గర దాన్ని నడిపే అయ్యగారు, అమ్మగారు గేటు బయటే నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లగానే పిల్లలు వరసకట్టి "వందనాలు" అన్నారు. తర్వాత వంటమ్మ మమ్మల్ని పట్టుకుని అడిగిన తొలి మాట, "అన్నం తింటిరా?" మేం ఎక్కడినుంచి వచ్చామో, ఎన్నాళ్లుంటామో ఆమె అడిగింది భోజనాలయ్యాకే.

మేం గోడలకు రంగులు వేద్దామని, ఆటలు ఆడిద్దామని అనుకుని వచ్చాం. తీరా చూస్తే పొద్దున ఎనిమిదిన్నర దాటాక హోమ్‌లో పిల్లలే ఉండరు. అందరూ జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లిపోతారు. బళ్లో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. ఆవిడ మా గోదావరి లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టిన ఇల్లాలు. ఆ పేరు ఆళ్లగడ్డ పిల్లల నోట విని నా మనసు నిండిపోయింది. ఆ మాటే వంటమ్మతో అంటే, "మాకు బుడ్డా వెంగళరెడ్డి ఉండ్లా?" అంది. ఇక్కడికి దగ్గర్లోని ఉయ్యాలవాడ ఆయనది. 1866 కరువులో రోజూ వేలమందికి గంజి పోయించి ప్రాణాలు నిలబెట్టినందుకు విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన మీద జానపదులు కట్టిన పాటలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. మరో పదేళ్లకు 1876-78 మహా కరువు వచ్చింది. అది అయ్యేసరికి కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు మేర తగ్గిపోయింది. దిక్కులేనివాళ్లను ఆదుకోవడం ఈ నేలకు ఎవరో దూరం నుంచి వచ్చి నేర్పిన పని కాదు. మేం సాయం చేయడానికి వచ్చామన్న మాటను ఆ తర్వాత చాలా జాగ్రత్తగా వాడాను.

పగలు పిల్లలుండరు కాబట్టి మా యువజనులు వంటమ్మ చెప్పిన పని చేశారు. కిటికీలకు దోమల జాలీ కొట్టారు, కారుతున్న కుళాయిలు బాగుచేయించారు, బియ్యంలో రాళ్లు ఏరారు. సాయంత్రం పిల్లలు బడినుంచి రాగానే చదువులు మొదలయ్యేవి. మా వాళ్లు ఇంగ్లిషు పాఠం చదివి వినిపిస్తే, వాళ్లు మా వాళ్లతో ఎక్కాలు తెలుగులో అప్పజెప్పించేవారు. తొమ్మిదో తరగతి అమ్మాయి మా కాలేజీ కుర్రాడికి గుణింతం దిద్దబెట్టింది. వాడు అమెరికాలో తెలుగు బడికి పోనని ఏడ్చినవాడు. ఇక్కడ రోజూ పలక పట్టుకుని ఆ అమ్మాయి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు.

ఒక రాత్రి వంటమ్మ సంగటి కెలకడం నేర్పించింది. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని నడిమధ్య కుప్పగా పోస్తారు. కలపకూడదు. మూతపెట్టి, పిండి ఆవిరికి మగ్గేదాకా ఆగి, అప్పుడు పొడవాటి కట్టెతో గిన్నె కదలకుండా కాళ్లతో అదిమిపట్టి కెలుకుతారు. మా వాళ్లలో జిమ్‌కు వెళ్లే ఇద్దరు ముగ్గురు వంతులవారీగా కెలికినా ఉండలు పోలేదు. ఆమె కట్టె అందుకుని నాలుగు తిప్పులు తిప్పేసరికి నున్నగా వచ్చింది. తడిచేత్తో ముద్దలు చేసి, వేరుశనగల ఊరిబిండి, వంకాయ కూరతో పెట్టింది. మా గోదావరి వైపు అన్నం మెతుకు మెతుకుగా తింటాం. ఇక్కడ వేలితో ముద్ద తుంచి, నడుమ గుంట చేసి, కూర అద్దుకుని మింగాలి. రెండు ముద్దలు తింటే మర్నాటిదాకా ఆకలి తెలియదు.

ఆళ్లగడ్డ ఊళ్లోకి వెళ్లినరోజు శిల్పుల వీధి చూశాం. రోడ్డు వారనే దేవతలు, నంది విగ్రహాలు, రాజకీయ నాయకులు పక్కపక్కన నిలబడి ఉంటారు. కొందరికి ముఖం పూర్తయింది, కొందరింకా రాయిలోనే ఉన్నారు. ఈ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక శిల్పి రాయిని సుత్తితో తట్టి, మా పిల్లలను చెవి పెట్టి వినమన్నాడు. గంటలా మోగితే పనికొస్తుందట, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టట. అహోబిలం వెళ్లే యాత్రికుల బస్సులు ఆగితే ఆయన అందరికీ అలాగే ఓపిగ్గా వినిపిస్తాడు. మీరు అటు వెళ్తే కాసేపు ఆగండి.

ఇక ఈ ప్రయాణంలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. హోమ్ పిల్లల్లో చాలామంది అనాథలు కారు. తల్లో, తండ్రో, అవ్వో ఉన్నారు. ఈ జిల్లాల్లో వానలు మోసం చేసిన ఏడాది జనం మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాద్ వలసపోతారు. బడి మానిపించి బిడ్డను వెంట తీసుకుపోలేక ఇక్కడ వదిలిన తల్లులున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఒక తల్లి చక్కిలాల డబ్బాతో వచ్చింది. ఆమె కూతురు అంతదాకా మా అమ్మాయిల చేతులు పట్టుకుని తిరిగిన పిల్లే. తల్లిని చూడగానే మమ్మల్నందరినీ మరిచిపోయింది. అలా మరిచిపోవడమే సరైనది. ఆ పిల్లకు కావలసింది ఏడాదికోసారి వచ్చి ముద్దుచేసే కొత్త అక్కలు కాదు, అమ్మ దగ్గర ఉండి బడికి వెళ్లే వీలు. అమ్మగారు కూడా అదే మాటన్నారు. ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు, ఇంట్లోనే పెరిగేందుకు నెలకు 4,000 రూపాయలు అందుతాయి. ఆ దరఖాస్తులు నింపించి, కుదిరిన పిల్లలను ఇంటికి పంపడం తన పనిలో సగమని చెప్పారు. పిల్లలు తగ్గితే సంతోషించే హోమ్ నడిపే మనిషిని చూడటం నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

మీ చర్చి, మీ సంఘం, మీ కాలేజీ పిల్లలు ఇలాంటి చోటికి బయల్దేరుతుంటే కొన్ని మాటలు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి హోమ్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, పిల్లలు బాలల సంక్షేమ సమితి ద్వారా చేరాలి. ఆ కాగితాలు చూపించమని మొహమాటపడకుండా అడగండి. మంచివాళ్లు అడిగినందుకు సంతోషిస్తారు. పిల్లల ముఖం, పేరు తెలిసేలా ఫొటోలు బయట పెట్టకండి, అదే చట్టం అందుకు ఒప్పుకోదు. విదేశీ పాస్‌పోర్టు ఉంటే మీ వీసా ఏ పనికి అనుమతిస్తుందో ముందే కనుక్కోండి. ఓసీఐ కార్డున్నా మతప్రచారానికి విడిగా అనుమతి కావాలి. విదేశీ విరాళం ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉన్న సంస్థకు, స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని దాని ఖాతాకే పంపాలి. మళ్లీ వస్తామని చిన్నపిల్లలకు మాటివ్వకండి. వాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటారు.

షికాగో తిరిగొచ్చాక మా యువజనులు సంఘం పెద్దల ముందు కూర్చుని, హోమ్‌కు కొత్త హాలు కట్టించే ఆలోచన మానుకుందామన్నారు. ఆ డబ్బు నిబంధనల ప్రకారం పంపి, పద్దెనిమిదేళ్లు నిండి హోమ్ విడిచే పిల్లల చదువుకు, అద్దెకు వాడమని అడుగుదామన్నారు. అలా బయటికి వచ్చేవాళ్లకు 21 ఏళ్ల దాకా ఆసరా ఇవ్వవచ్చని చట్టంలోనే ఉంది. ఆ వయసులో మా పిల్లలు ఇంకా అమ్మ చేతి వంట తింటూ కాలేజీకి పోతారు. అక్కడివాళ్లు పెట్టె సర్దుకుని తమ బతుకు తాము చూసుకోవాలి.

అందుకే మీరు ఏ హోమ్‌కు వెళ్లినా, లోపలున్న పిల్లలతో ఆడుకునే ముందు, అక్కడ పెరిగి బయటికి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఏం చదువుతున్నారు, ఎంతమంది ఇళ్లకు చేరారు అని అడగండి. పేరుపేరునా జవాబు చెప్పగలిగిన చోటికే మీ సెలవులూ మీ డబ్బూ ఇవ్వండి.