వలయంలో నాట్యం, వేదికపై నాట్యం

టాంగో అనగానే మనవారిలో చాలామందికి స్ఫురించేది వెండితెర మీద చూసిన దృశ్యం. విల్లులా వెనక్కి వంగిన స్త్రీ, గాలిలోకి ఎగసిన పాదం, ఆమెను ఒంటిచేత్తో నిలిపిన పురుషుడు. బ్యూనస్ ఐరీస్ నగరవాసి ఎరిగిన టాంగో ఇది కాదు. అక్కడ మిలోంగా అని పిలిచే నృత్యగోష్ఠిలో జంటలు ఒకరినొకరు దగ్గరగా పొదివి పట్టుకొని, అపసవ్య దిశలో, వలయంగా కదులుతారు. అడుగులు చిన్నవి. ముందున్న జంటకు తగలకుండా, వెనుక జంటను ఆపకుండా నడవడమే నేర్పు. ఆహ్వానం మాటతో కాదు. గదికి ఈ కొస నుండి ఆ కొసకు ఒక చూపు, చిన్న తల పంకింపు. మూడు నాలుగు పాటలు కలిసి ఆడి విడిపోతారు. ప్రేక్షకుని కోసమని అక్కడ ఏదీ జరగదు.

ఈ రెండింటికీ ఉన్న భేదాన్ని ఆ నగరం అధికారికంగానే అంగీకరించింది. 2003 నుండి అక్కడ జరుగుతున్న ప్రపంచ టాంగో పోటీలలో గోష్ఠి శైలికి, వేదిక శైలికి వేర్వేరు విభాగాలున్నాయి. మొదటిదానిలో కౌగిలి విడరాదు, ఎగరరాదు. రెండవదానిలో ఆ నిషేధాలు లేవు. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల ఉమ్మడి వారసత్వంగా టాంగోను యునెస్కో తన జాబితాలో చేర్చుకున్నది.

వేదిక శైలికి ప్రపంచఖ్యాతి తెచ్చిన ప్రదర్శన 'టాంగో అర్జెంటీనో'. 1983లో పారిస్‌లో మొదలై, 1985లో న్యూయార్క్ చేరింది. అందులో పేరుపొందిన హువాన్ కార్లోస్ కోపెస్, మరియా నీవెస్ జంట బ్యూనస్ ఐరీస్ గోష్ఠులలో ఆడి పెరిగినవారే. వారు వేదిక మీదికి తెచ్చినది ఆ గదులలో పండిన విద్య.

అదే పారిస్‌కు, సరిగ్గా 145 సంవత్సరాలకు పూర్వం, పాండిచ్చేరి నుండి ఒక నాట్యమేళం వెళ్ళింది. 1838లో తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారి ఐదుగురు నర్తకీమణులను, ముగ్గురు వాద్యకారులను ఒప్పందం మీద ఓడ ఎక్కించాడు. వారు ఆ పట్టణానికి దక్షిణాన ఉన్న తిరువహీంద్రపురం దేవాలయానికి చెందినవారు. పెద్దామె తిల్లమ్మాళ్, అందరి కన్నూ పడినది అమ్మణి మీద, మేళంలో చిన్నది ఆరేళ్ళ పసిపిల్ల. లూయీ ఫిలిప్ రాజు ఎదుట ఆడారు, వరైటీస్ నాటకశాలలో ఆడారు. కవి గోతియే అమ్మణిని వర్ణించి పత్రికలో రాశాడు. శిల్పి బార్ ఆమె కంచు ప్రతిమ పోత పోశాడు. ఆ శరదృతువులోనే లండన్‌లోని అడెల్ఫీ నాటకశాలకు చేరారు.

లండన్ ప్రకటనలలో వారి అంశాలకు పెట్టిన పేర్లు గమనించదగినవి: 'రాజుకు వందనం', 'విష్ణువు అలంకరణ', 'హిందూ వితంతువు'. మొదటిది మన సలాం దరువు వంటిది కావచ్చు. గుడిలో దేవునికి ఆడేటప్పుడు పేరు చెప్పవలసిన పని లేదు. ఏ సేవకు ఏ నాట్యమో దేవునికీ తెలుసు, ఊరికీ తెలుసు. టిక్కెట్టు కొన్న అపరిచితునికి మాత్రం ముందుగా పేరు కావాలి, కథ కావాలి, ముగింపు కావాలి. నాట్యం వేదిక ఎక్కిందనడానికి మొదటి గుర్తు మెట్లు కాదు, ఆ కరపత్రమే.

ఇది తమిళనాట జరిగిన కథ కదా అనుకోనక్కరలేదు. దక్షిణాది నర్తకీమణుల కంఠాలలో నిలిచినది విశేషంగా తెలుగు సాహిత్యమే. మువ్వ క్షేత్రయ్య పదాలు తంజావూరు మీదుగా అరవదేశమంతటా నాట్యానికి ప్రాణమయ్యాయి. పాండిచ్చేరిలోనూ తెలుగుకు సభాగౌరవం ఉండేది. డూప్లే దొర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళైకి కస్తూరి రంగకవి అంకితమిచ్చిన లక్షణగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము' తెలుగు గ్రంథమే.

మన గోదావరి మండలాలలో కళావంతుల మేజువాణి, టాంగో గోష్ఠికి దూరపు చుట్టం అనిపిస్తుంది. పోలిక పూర్తిగా పొసగదు. అక్కడ అందరూ ఆడతారు. ఇక్కడ ఒకరు ఆడతారు, తక్కినవారు చుట్టూ కూర్చుంటారు. అయినా ఆ చిన్న దూరమే రెండింటికీ ప్రాణం. నర్తకి కూర్చొని, తానే పదం పాడుతూ, ఒక్క పాదాన్ని పదిసార్లు తిప్పి పదిరకాలుగా అభినయిస్తుంది. కనుబొమ్మ కదలిక, పెదవి కొసన మెదిలే ఎత్తిపొడుపు నాలుగు గజాలలో కూర్చున్న రసికునికి అందాలి. వెయ్యిమంది పట్టే సభామందిరంలో ఇరవయ్యవ వరుసకు అది చేరదు. అందుకే వేదిక మీద చేతులు పెద్దవయ్యాయి, జతులు వేగం పుంజుకున్నాయి, శృంగారం భక్తిగా సర్దుకున్నది. ఇది తప్పని కాదు. వేదికకు దాని న్యాయం దానికున్నది.

చిక్కు మరొకచోట ఉంది. 1955 తరువాత బ్యూనస్ ఐరీస్ గోష్ఠులు కూడా క్షీణించాయి. 1983లో ప్రజాస్వామ్యం తిరిగి రాగానే అవి మళ్ళీ నిండాయి; నేర్పడానికి పాత నర్తకులు ఇంకా ఉన్నారు, వారు తమ విద్యను దాచుకోవలసిన అవసరం లేదు. మన కథ వేరు. 1935లో రుక్మిణీదేవి అడయారులో వేదిక ఎక్కారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అర్పణ నిషేధ చట్టం తెచ్చింది. ఆడపిల్లల బతుకును వారి అనుమతి లేకుండా ముడిపెట్టే ఆచారం పోవలసిందే. ముత్తులక్ష్మీరెడ్డి వంటివారి పోరాటాన్ని చులకన చేయరాదు. కాని చట్టం ఆచారాన్ని ఆపుతుండగా, లోకం ఆ స్త్రీల కళను వేరొకరికి, కళంకాన్ని వారికే పంచిపెట్టింది. వేదిక మిగిలింది; ఆ విద్య పుట్టిన గది మూతపడింది. వేదికపై సందేహం వచ్చిన నర్తకి వెళ్ళి చూసుకోవడానికి మనకొక మిలోంగా లేకుండా పోయింది.

పూర్తిగా పోలేదని చెప్పడానికి కొందరున్నారు. బాలసరస్వతి 1984లో కన్నుమూసేవరకు, పెద్ద సభలలో సైతం, చిన్నగదికి చెందిన ఆ పదాభినయాన్ని వదలలేదు. నటరాజ రామకృష్ణ 1970లో హైదరాబాదులో అభినయ సదస్సు జరిపి, మరుగునపడిన కళావంతుల విద్యకు ఆంధ్రనాట్యమన్న పేరుతో గుర్తింపు తెచ్చారు. అయితే ఆ గుర్తింపు కూడా వేదిక మీదుగానే వచ్చింది.

పుదుచ్చేరిలో నడిమి ముంగిలి ఉన్న పాత ఇళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. స్తంభాల నడుమ యాభైమంది చాపల మీద కూర్చోవచ్చు. మైకు అక్కరలేదు, రంగుదీపాలు అక్కరలేదు. ఏటా మహోత్సవాలకు లక్షలు కేటాయించే సాంస్కృతిక శాఖలు, ఆ ఖర్చులో పిసరంతతో, నెలకొక సాయంకాలం అటువంటి ముంగిట పదాభినయం ఏర్పాటు చేయవచ్చు. మొదటి ఆహ్వానం మాత్రం ఆ విద్యను తరతరాలుగా కాపాడిన కుటుంబాలవారికి వెళ్ళాలి. అదీ శ్రోతలుగా కాదు, గురువులుగా.