డాలరుంపావు పుస్తకంలోని ఖాళీ గళ్ళు

ఈసారి పరిచయం చేయబోయే పుస్తకానికి రచయిత పేరు లేదు. ముందుమాట లేదు, అంకితం లేదు. ఓహైయోలో మా ఇంటికి దగ్గరలోని చవక దుకాణంలో, డిసెంబరు నెలలో, బహుమతులకు చుట్టే రంగు కాగితాల పక్కన దొరికింది. వెల డాలరుంపావు. అట్ట మీద మంచుమనిషి బొమ్మ. లోపల 40 పుటల నిండా శీతకాలపు సెలవుల మాటల ఆటలు. అక్షరాల గుంపులో దాగిన మాటలను వెదికి సున్న చుట్టేవి కొన్ని, తారుమారైన అక్షరాలను సరిచేసి వ్రాసేవి కొన్ని, చివరలో చిన్న చిన్న గళ్ళ నుడికట్లు. ఈ ఏడాది చదివిన పుస్తకాలన్నింటిలోనూ నాకు ఎక్కువ పాఠం చెప్పినది ఇదేనని వ్రాయడానికి కొంత సిగ్గుగా ఉన్నా, అది నిజం.

సెలవులకు ముందు మా వాడి ఉపాధ్యాయురాలు ఒక చీటీ పంపింది. వాడికి 7 ఏళ్ళు, రెండవ తరగతి. నోటితో చెప్పమంటే కథ మొత్తం చెబుతాడనీ, కాగితం మీద రెండు పంక్తులు దాటడనీ, వ్రాసినది చదవడం కష్టంగా ఉందనీ దాని సారాంశం. నేను పిల్లల వైద్యురాలిని. నాలుగేళ్ళ బిడ్డ కూడిక గుర్తును, అయిదేళ్ళ బిడ్డ త్రిభుజాన్ని చూసి గీయగలరో లేదో ప్రతిదినమూ పరీక్షిస్తూనే ఉంటాను. అయినా నా ఇంట్లో బిడ్డ పెన్సిలును పిడికిలితో అదిమిపట్టి, అయిదు నిమిషాలకే చెయ్యి విదిలించుకోవడం నా కంట పడలేదు. వ్రాత బాగాలేదని మందలిస్తే, "డాక్టర్ల రాత కూడా ఇంతే కదమ్మా" అని నవ్వించి తప్పించుకునేవాడు. చీటీ వచ్చిన రాత్రి మాత్రం నవ్వలేదు. "నా చెయ్యి స్టుపిడ్ అమ్మా" అన్నాడు.

ఆక్యుపేషనల్ థెరపిస్టును సంప్రదిస్తే మార్చి వరకూ ఖాళీ లేదన్నారు. తెలిసిన థెరపిస్టు ఒకామె ఫోనులో కొన్ని మాటలు చెప్పింది. పొడుగు పెన్సిలు ఇవ్వవద్దు, వేలెడంత ముక్క ఇవ్వమంది. అంత చిన్న ముక్కను పిడికిలితో పట్టడం కుదరదు కనుక బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు వాటంతటవే దగ్గరకు వస్తాయట. వింటూ ఉంటే తెనాలిలో నా చిన్నప్పటి పలక గుర్తుకు వచ్చింది. మా చేతుల్లో ఎప్పుడూ విరిగిన బలపం ముక్కలే ఉండేవి. దాన్ని పేదరికం అనుకున్నాము కాని, వేళ్ళకు అదొక శిక్షణ అని ఎవరికి తెలుసు?

ఆమె చెప్పిన రెండవ మాట, పుటలు నింపించవద్దని. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థి రూపంలోనే ఉంటాయి, ఎక్స్‌రేలో కనిపించవు. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ చివరిది రూపు దిద్దుకునేసరికి బిడ్డకు తొమ్మిది, పదేళ్ళు దాటవచ్చు. అటువంటి చేతికి నాలుగు గీతల పుస్తకమిచ్చి ఒకే వాక్యాన్ని ఇరవైసార్లు వ్రాయించడం, నడక నేర్చే బిడ్డను తిరుమల కొండ ఎక్కించడం వంటిదే. "కొంచెం వ్రాయాలి, వ్రాసినదానికి ఒక ప్రయోజనం ఉండాలి, అది పూర్తి కావాలి" అన్నది ఆమె సూత్రం. మరునాడే దుకాణంలో ఆ మంచుమనిషి పుస్తకం కనబడింది.

గళ్ళ నుడికట్టుకూ క్రిస్మసు రోజులకూ పాత చుట్టరికమే. ఆర్థర్ విన్ కూర్చిన తొలి నుడికట్టు 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో 1913 డిసెంబరు 21న వెలువడింది. అది ఇప్పటివలె చతురస్రం కాదు, వజ్రాకారం. పై భాగాన 'ఫన్' అన్న మూడక్షరాల మాటను ఆయనే ముందుగా వ్రాసిపెట్టాడు. నాకు ఇందులో రెండు విశేషాలు కనబడతాయి. వజ్రాకారాన్ని చూసి గీయడం పిల్లలకు 6, 7 ఏళ్ళ మధ్యగాని పట్టుబడదు, అంటే సరిగ్గా మా వాడి వయసు. ఇక ఆ ముందే వ్రాసిపెట్టిన మాట. మొదటి అడుగు తాను వేసి, తరువాతి అడుగు పాఠకుడికి వదలడం మంచి గురువు చేసే పని.

మేమూ అలాగే మొదలుపెట్టాము. పుస్తకంలోని గళ్ళు వాడి చేతికి మరీ ఇరుకు కనుక, పుటలను రెట్టింపు పరిమాణంలో నకలు తీశాను. మొదటి మాట నేను పూరించేదాన్ని. తొలి రోజులలో వెదుకులాటలే. ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి చూపు తప్పిపోకుండా నడపడం చదువుకు కావలసిన నేర్పే కదా. అయితే సున్న చుట్టినంత మాత్రాన దస్తూరి కుదరదు. అందుకని దొరికిన ప్రతి మాటనూ పక్కన ఒక్కసారి వ్రాయాలని ఒప్పందం చేసుకున్నాము. రోజుకు పది నిమిషాలు, నాలుగైదు మాటలు. 'స్లెడ్' అన్న మాటలో చివరి 'డీ'ని తిప్పి వ్రాస్తే మాట చెడి 'బీ' అవుతుంది. ఆ తప్పు నేను చూపనక్కరలేకుండా వాడికే తెలిసేది.

పుస్తకం చివర చుక్కల మీద దిద్దించే పుటలు కొన్ని ఉన్నాయి. వాటిని వదిలేశాను. ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లలకు అక్షరాలను మూడు విధాలుగా నేర్పి, తరువాత మెదడును స్కాన్ చేశారు. సొంతంగా చేత్తో వ్రాసిన అక్షరాలను చూసినప్పుడు చదువుకు సంబంధించిన భాగాలు మేలుకున్నట్లుగా, టైపు చేసిన వాటికీ, చుక్కల మీద దిద్దిన వాటికీ మేలుకోలేదు. వంకరగానైనా తానే గీసిన అక్షరం బిడ్డకు తనదవుతుంది.

అంతా సవ్యంగా సాగిందని అనుకోవద్దు. నాలుగవ రోజున నాకు ఆశ పుట్టింది. ఆసుపత్రికి సెలవు, బయట మంచు, ఇంట్లో బిడ్డ. మూడు పుటలు ముందు పెట్టి, పక్కన గడియారం ఉంచాను. రెండవ పుట సగంలో పెన్సిలు ముక్క గోడకు తగిలింది. సాయంత్రం సోఫా దిండు కింద ఉండచుట్టిన కాగితాలు దొరికాయి. ఆటను నేనే హోంవర్కుగా మార్చాను. మరి రెండు రోజులు ఆ పుస్తకం పేరెత్తలేదు.

దారి చూపినది మా నాన్నగారు. ఆయన తెనాలిలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వీడియోలో సంగతంతా విని, "వాణ్ణి కొన్నాళ్ళు వదిలెయ్యమ్మా, సంక్రాంతికి నేనొకటి పంపుతాను" అన్నారు. శ్రీశ్రీ, ఆరుద్ర కూర్చిన నుడికట్లను వారం వారం పూరించిన తరం ఆయనది. జనవరి మొదటి వారంలో స్కేలుతో గళ్ళు గీసి, ఆధారాలు తన చేత్తో వ్రాసిన కాగితం ఫోటో వచ్చింది.

మా వాడు ఆదివారం తెలుగు బడికి వెళతాడు కాని, వత్తులంటే భయం. 'సంక్రాంతి ముంగిట అలంకరించుకుని వచ్చే బసవన్న' అన్న ఆధారానికి జవాబు గంగిరెద్దు అని వెంటనే చెప్పాడు. నాలుగే గళ్ళున్నాయి. 'ద' ఒక గడిలో, దాని వత్తు మరొక గడిలో వేయబోతే చోటు చాలలేదు. "తాతయ్యా, నువ్వు బాక్స్ మర్చిపోయావు" అని ఫిర్యాదు చేశాడు. "మర్చిపోలేదురా. వత్తుకు వేరే ఇల్లుండదు. తల్లి అక్షరం కాళ్ళ దగ్గరే దాని చోటు" అన్నారు నాన్నగారు. ఆంగ్లంలో గడికొక అక్షరం. మనకు గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో ఒదగాలి. బడిలో ఆరు నెలలుగా తలకెక్కని సంగతి ఆ ఒక్క గడిలో అర్థమైంది.

కూర్చేవారికి కూడా తెలుగులో ఇబ్బంది ఎక్కువే. రెండు మాటలు కలుసుకోవాలంటే గుణింతంతో సహా ఒకే అక్షరం దొరకాలి. భోగిమంట, గంగిరెద్దు 'గి' దగ్గర కలిశాయి. హరిదాసు, అరిసెలు 'రి' దగ్గర కలిశాయి. ఈ కలయికలు కనిపెట్టినందుకు నాన్నగారు చిన్నపిల్లవాడిలా మురిసిపోయారు.

ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తున్నప్పుడు నాకు మరొకటి కనిపించింది. నాన్నగారికి రెండేళ్ళ క్రితం పార్కిన్సన్ వ్యాధి అని తేలింది. అక్షరాలు క్రమంగా చిన్నవైపోవడం ఆ జబ్బు లక్షణాలలో ఒకటి. ఊరంతా మెచ్చిన ఆయన దస్తూరి, ఉత్తరం మొదటి పంక్తిలో బియ్యపుగింజంత ఉండి చివరికి చీమల బారు అవుతుంది. కాగితం కింద వ్రాసిన ఆధారాలు అలాగే ఉన్నాయి. కాని పైన, నమూనాగా తాను పూరించిన 'ముగ్గు' మాత్రం రెండు గళ్ళనూ నిండుగా ఆక్రమించి ఉంది. గీతలు, గళ్ళు వంటి కంటికి కనబడే ఆనవాళ్ళు ఈ రోగుల చేతికి ఊతమిస్తాయని నేను చదువుకున్నదే. చదివినది తండ్రి చేతివ్రాతలో చూడడం వేరు. ఇంత ఉండాలి అని హద్దు చెప్పే గడి, కుదురుకోని చేతికీ కుదురు తప్పుతున్న చేతికీ ఒకేలా పనికివస్తోంది. అప్పటినుంచి ఆయన ప్రతి శనివారమూ ఒకటి కూర్చుతున్నారు. అది మనవడి కోసమని ఆయన అనుకుంటున్నారు. నేను కాదనలేదు.

అద్భుతాలు జరిగాయని చెప్పను. మా వాడి 'బీ', 'డీ'లు ఇప్పటికీ అప్పుడప్పుడు తిరగబడతాయి. మార్చిలో థెరపిస్టు దగ్గరకు వెళ్ళే తీరుతాము. చెయ్యి నొప్పి పుట్టే పిల్లలకు, వయసుకు తగిన వ్రాత రానివారికి పరీక్ష అవసరం, ఆటల పుస్తకం దానికి బదులు కాదు. ఈ పుస్తకం కొనదలచిన తల్లిదండ్రులకు నా సలహా ఒక్కటే. కష్టమైన పుటకంటే ఒక మెట్టు కిందిది ఎంచుకోండి, బిడ్డకు ఇంకా కావాలనిపిస్తున్నప్పుడే మూసేయండి.

పోయిన వారం వాడు తానుగా ఒక నుడికట్టు కూర్చి తాతకు పంపమన్నాడు. గీతలు వంకర, ఒక గడి ఎక్కువైంది. నిలువు 2కు ఆధారం ఇలా ఉంది: 'మా ఇంట్లో అందరికన్నా బాగా రాసేది (3)'. జవాబుల కాగితంలో 'తాతయ్య' అని వ్రాసి ఉంది. మూడవ గడిలో 'య' కాళ్ళ దగ్గర వత్తు సరిగ్గానే కూర్చుంది.