ఇల్లలకక మునుపే పండుగ



ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు గానీ, ఉన్న ఇంటిని బాగు చేయించి చూడమని పెద్దలెవరూ అనలేదు. ఆ మూడవది మొదటి రెండింటికీ ఏమాత్రం తీసిపోదని 2023లో నాకు తెలిసివచ్చింది. ముప్పై ఐదేళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. పూర్వపదం స్థిరపడకుండా ఉత్తరపదాన్ని తెచ్చి సమాసం చేయరాదని ఎందరికో బోధించాను. సొంత ఇంటి విషయంలో సరిగ్గా ఆ తప్పే చేశాను.

మాది అమలాపురంలో నాన్నగారి నాటి పెంకుటిల్లు. వెనుకవైపున చీకటి వంటిల్లు, ఎత్తయిన గడప, నేలకు జానెడు ఎత్తున పొయ్యిగట్టు. మా శ్రీమతి నలభై ఏళ్ళు అక్కడే వంగి వండింది. మోకాళ్ళు అరిగిపోయాయని వైద్యులు చెప్పిన తరువాత గానీ ఆ గట్టు ఎత్తు నా కంటబడలేదు. పెంకులు దించి శ్లాబు వేయించాలని, నిలబడి వండుకునే గట్టు కట్టించాలని నిశ్చయించుకొని, పదవీ విరమణ సొమ్ములో ఆరు లక్షలు అందుకు తీసి ఉంచాను. ఆమె శస్త్రచికిత్స కొరకు మరొక డిపాజిట్టు విడిగా ఉన్నది.

ఆ యేడు అధిక శ్రావణం. పంచాంగం చూసి పని వాయిదా వేశాను. కార్తికంలో మొదలుపెడితే సంక్రాంతికి ముగించగలనని మేస్త్రీ మాట ఇచ్చాడు. ఈ మధ్యలో దసరా వచ్చింది. పత్రిక తెరిస్తే పుటల నిండా తగ్గింపు ధరలు. ఎలాగూ కొనవలసినవే కదా అని రెండు తలుపుల ఫ్రిజ్, ఒకటిన్నర టన్నుల ఏసీ, ఆరు కుర్చీల భోజనాల బల్ల, సోఫా కొన్నాను. అన్నీ కలిపి లక్షా అరవై వేలు. పద్నాలుగు వేలు ఆదా చేశానని ఇంటికి వచ్చి గర్వంగా చెప్పాను. పాత ఫ్రిజ్‌ను మార్పిడి కింద దుకాణం వారే తీసుకొనిపోయారు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందండీ మీ వరస" అన్నది మా శ్రీమతి. నవ్వి ఊరుకున్నాను.

కార్తికంలో పెంకులు దించారు. మేస్త్రీ గునపంతో నడిమి గది దూలాన్ని తట్టి చూశాడు. డొల్ల చప్పుడు వచ్చింది. పైన రంగు నిగనిగలాడుతున్నది, లోపల అంతా చెద. "పంతులుగారూ, ఈ గది కప్పు కూడా దింపవలసిందేనండి. దీన్ని ఉంచి పక్కన శ్లాబు వేస్తే నా పేరు చెడుతుంది" అన్నాడు. మరో లక్షన్నర పైమాట. ఆ సొమ్ము నా దగ్గర ఉన్నది, కాని అట్టపెట్టెల రూపంలో ముందుగదిలో ఉన్నది.

ఆ రాత్రి మా శ్రీమతే మాట కదిపింది. "నా డిపాజిట్టు తీయండి. ముందు ఇంటికి కప్పు పడనీయండి. మోకాళ్ళు ఎక్కడికి పోతాయి?" నాకు జవాబు తోచలేదు. మరునాడు బ్యాంకుకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను.

డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కూడా వానలు కురిశాయి. సగం కప్పులేని ఇంట్లో తడి ఎంత దూరం పాకుతుందో అప్పుడు చూశాను. సోఫా అడుగున బూజు పట్టింది. టేకు అనుకొని కొన్న బల్ల, పైన టేకు రంగు పూసిన చెక్కపొట్టు పలక అని అంచులు ఉబ్బిన తరువాత తెలిసింది. పాత తీగలు పీకేశారు. ఎర్తింగు లేనిదే కొత్త ఫ్రిజ్‌ను తగిలించవద్దని ఎలక్ట్రీషియను గట్టిగా చెప్పాడు. మూడు వందల లీటర్ల ఫ్రిజ్ పెట్టెలో నిద్రపోతుండగా, మేము పూటపూటకూ పాలు కొనుక్కున్నాము. పెరటి వసారాలో ముక్కాలిపీట మీద కూర్చొని ఆమె ఆరు నెలలు వండింది. ఫ్రిజ్ వారంటీ మాత్రం బిల్లు తేదీ నుండి నడుస్తూనే ఉన్నది.

వంటిల్లు 2024 మే నెలలో పూర్తయింది. బల్ల వేస్తే నడవడానికి దారి లేదు. కొత్త గోడ తొమ్మిది అంగుళాల మందాన లేచి, గది ఆ మేరకు తగ్గింది. బల్లను మేనల్లుడికి ఇచ్చివేశాను.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒక్క మాట చెబుతాను: నిర్ణయం ముందు, కొనుగోలు చివర. ఏసీ ఎక్కడ వస్తుందో గోడ పూతకు ముందే తేల్చుకోవాలి. దానికి విడి తీగ, రాగి గొట్టాల దారి, నీరు పోవడానికి వాలు గోడలోనే అమరాలి. కాని ఏసీ యంత్రం రంగులు వేసిన తరువాత వస్తే చాలు. చిమ్నీ గొట్టానికి రంధ్రం, సింకు కొలత, ఫ్రిజ్ తలుపు ఏ వైపు తెరుచుకుంటుందన్నది కాగితం మీద ముందే ఉండాలి. చెక్క సామాను గోడల చెమ్మ ఆరేదాకా గడప దాటరాదు. పాత ఇల్లయితే పెంకులు దించి దూలాలు చూసేదాకా చేతిలోని సొమ్ము కదపరాదు.

తగ్గింపు ధరలంటారా, దసరా పోతే దీపావళి, అది పోతే సంక్రాంతి, ఉగాది. నేను కొన్ననాడు ఏసీ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి అది 18 శాతానికి దిగింది. ఇప్పుడే కొనకపోతే మునిగిపోతామన్న తొందర చాలావరకు మనకు మనం కల్పించుకున్నదే.

శస్త్రచికిత్స 2025 జనవరిలో జరిగింది. అనుకున్నదానికి ఏడాది ఆలస్యం. పద్నాలుగు వేల ఆదాకు ఆమె ఏడాది నొప్పిని నేను చెల్లించాను. ఇప్పుడు ఆమె కొత్త గట్టు దగ్గర నిలబడి వండుతున్నది. కూరలు తరగడానికి ఎత్తుపీట ఒకటి ఉంటే బాగుండునని మొన్న అన్నది. ఆరు వందలకు దొరికింది. నా దసరా జాబితాలో లేని వస్తువు అదొక్కటే.