మున్నేటి పొంగు – కారు ప్రయాణము

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిమీద ప్రయాణము చేసిన సోదరీమణులకు నందిగామ ప్రాంతము క్రొత్త కాదు. విజయవాడ విడిచి సుమారు 50 కిలోమీటర్లు పోవుసరికి నందిగామ వచ్చును. దానికి ముందే కీసరకడ మున్నేటి వంతెన కలదు. వేసవిలో దానిమీదినుండి చూచినచో ఇసుకతిన్నెలును, వానినడుమ పాయలుగా చీలిన సన్నని నీరును మాత్రమే కానవచ్చును. ఇంత సాధువైన యేరు ఎవరికైన కీడు చేయునా యని తోచును.

కాని యీ యేటి పుట్టుక చాల దూరమున నున్నది. పూర్వపు వరంగల్లు జిల్లా సీమలో పుట్టి, ఖమ్మము పట్టణము నొరసికొని పారి, త్రోవలో ఆకేరు, వైరా, కట్టలేరు మొదలగువానిని తనలో గలుపుకొని, తుదకు కృష్ణలో చేరుచున్నది. ఎగువను కురిసిన వాన కొన్ని గంటలకుగాని దిగువకు రాదు. కనుక నందిగామలో ఎండ కాయుచుండగనే యేరు పొంగుట వింత గాదు. 2023 జూలైలో ఒకసారియు, 2024 సెప్టెంబరు 1వ తేదీనాటి వరదలో మరల నొకసారియు, అయితవరముకడ మున్నేటి నీరు జాతీయ రహదారిమీదికే యెక్కి రాకపోకలను నిలిపివేసినది.

ఆ 2024 నాటి వరదను ఆ ప్రాంతమువారు మరువజాలరు. ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చెను. బుడమేటికి గండ్లు పడి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు దినములకొలది నీటిలో నుండెను. మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము ప్రాంతమున రైలుకట్ట కోసుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. ఆకేటి పొంగులో కారుతోగూడ కొట్టుకొనిపోయి ప్రాణములు కోల్పోయినవారును గలరు.

మరొక యేటి వానకాలమున, శ్రావణమాసపు ముహూర్తమునకు, మేము నందిగామ దాటి లోపలి గ్రామమొకదానికి బంధువుల యింట వివాహమునకు బయలుదేరితిమి. పెండ్లికుమార్తెకు మా యింటివారు పెద్ద మేనమామ. బుట్టలో పిల్లను పీటలకడకు తేవలసినవారు వారే. రహదారి దిగి నాలుగు మైళ్లు పోవుసరికి వాగు చప్టాకు మీదుగా పారుచున్నది. ఎఱ్ఱని నీరు. చప్టా ప్రక్కనుండవలసిన గుర్తురాళ్లలో ఒక్కటియు కానరాలేదు.

మా కారు నడపువాడు, "మోకాలిలోతు కూడా ఉండదండీ. మొదటి గేరులో పోనిస్తే చిటికెలో దాటేస్తాం" అనెను. మా యింటివారు గడియారము చూచుకొనిరి. ముహూర్తమునకు గంటన్నర మాత్రమే వ్యవధి యున్నది. ఇంతలో కఱ్ఱ పట్టుకొని యొక ముసలి రైతు దగ్గరకు వచ్చి, "అయ్యా, పొద్దున్నించీ నేనిక్కడే ఉన్నాను. గంట క్రితం ఆ తుమ్మమొద్దు కనబడేది. ఇప్పుడు లేదు" అనెను. ఆ మాటతో మా అత్తగారు, "బుట్ట పట్టుకోడానికి ఇంకో మేనమామ ఉన్నాడురా నాయనా. బండి వెనక్కి తిప్పించు" అని చెప్పిరి.

మేము చుట్టుదారిని పోయి, అప్పగింతలవేళకు చేరితిమి. చిన్న మేనమామయే బుట్ట పట్టెను. "నలుగురు దాటిన వాగే గదా" యని నిష్ఠూరము లాడినవారును లేకపోలేదు. మరునాడు నీరు తీసినపిమ్మట అదే చప్టామీదుగా తిరిగి వచ్చుచు చూచితిమి. ఒక అంచున నాలుగు మూరల మేర చప్టాయే లేదు. రైలుకట్టనే కోసివేసిన నీటికి ఆ చప్టా యెంత!

ఇంత బరువుగల కారును నీరెట్లు లాగుకొనిపోవునని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. మన యింటి కుండీలో ఖాళీ గంగాళమును పెట్టి చూచినచో సమాధానము దొరకును. ఇత్తడి ముద్ద మునుగును, గంగాళము తేలును. కారును తలుపులు మూసిన గంగాళము వంటిదే. చిన్న కారు అడుగుభాగము సుమారు 5 చదరపు మీటర్లుండును. నీరు ఆ యడుగును దాటి 10 సెంటీమీటర్లు పైకి వచ్చినచో దాదాపు 500 కిలోల బరువును అది పైకెత్తును. కారు బరువు 900 కిలోలనుకొన్నను, 20 సెంటీమీటర్లకు లోపలనే అది తేలనారంభించును. అనగా నేలనుండి అడుగుంబావు నీరు చాలును. అంతకు ముందే టైర్లకు నేలపట్టు తప్పును. నీటి వేగము రెండింతలైనచో త్రోపుడు నాలుగింత లగును. నిలిచిన నీటిలో సాగిన లెక్క పారు నీటిలో సాగదు.

ఇంజనుకు మరియొక యాపద కలదు. అది గాలిని పీల్చుకొని పనిచేయును. గాలిగొట్టములోనికి నీరు పోయినచో, గాలివలె నీరు అణగదు గనుక, లోపలి కడ్డీలు వంగి ఇంజను నిలిచిపోవును. నీటిలో ఆగిన బండిని మరల స్టార్టు చేయబోవుట చేటునకే. సాధారణ బీమాలో ఈ నష్టమునకు పరిహారము రాకపోవుటయు గలదు. దానికి వేఱుగా రక్షణ తీసికొనవలెను.

తలుపుల సంగతి అన్నిటికంటె ముఖ్యము. తలుపునకు వెలుపల అరమీటరు నీరు నిలిచినచో, దానిని నెట్టుటకు దాదాపు 125 కిలోల బరువును త్రోసినంత బలము కావలెను. పిల్లను చంక నెత్తుకొన్న తల్లికి అది సాధ్యమా? కనుక బండి నీటిలో ఆగినతోడనే అద్దములు దింపవలెను. మీటతో దిగు అద్దములు నీరు తగిలిన కొంతసేపటికి పనిచేయకపోవచ్చును. సామాను విడిచి, ముందు పిల్లలను దాటించి, కిటికీనుండియే వెలుపలికి వచ్చి, ఎత్తైన చోట నిలువవలెను. బండి తేలకుండ నిలిచియున్నచో దాని పైకప్పుమీద కూర్చుండి కేకవేయుట మేలు. పట్టణములలో వంతెనక్రింది దారులును ఇట్టివే. 2023 మే నెలలో బెంగుళూరు కే.ఆర్. సర్కిలుకడ అట్టి దారిలో వాననీరు నిండి, కారులో చిక్కిన యొక యువతి మరణించినది.

నీరు దాటి వచ్చిన బండికిని బ్రేకులు తడిసి వెంటనే పట్టవు. మెల్లగా నడపుచు రెండుమూడుసార్లు నొక్కి ఆరనీయవలెను. రాత్రివేళ నీటి లోతు కంటికి తెలియదు గావున ఆ సాహసమే వలదు.

యమున దారి యిచ్చుట వసుదేవునికి జరిగినది. శ్రీరామచంద్రుడంతవాడు సముద్రతీరమున మూడు రాత్రులు దర్భలపై శయనించి వేచియుండెను. మనము వాగు తీయువఱకు ఒక పూట వేచియుండుటలో చిన్నతన మేమున్నది? బండి నడపుట మగవారి పనియనియు, మనము మాటాడరాదనియు ఊరకుండవలదు. ఆ బండిలో మన బిడ్డలున్నారు. నీరు దారిమీద పారుచున్నప్పుడు "వెనుకకు తిప్పుడు" అనుమాట ముందుగా మన నోటనే రావలెనని మా సోదరీమణులను వేడుకొనుచున్నాము.