పట్టాలు చీలుచోట

మేము నివసించు బంజారా హిల్సు గుట్టలపై రైలుపట్టాలు లేవు. ఖైరతాబాదునకో బేగంపేటకో దిగివెళ్లిననే గాని రైలుబండి కంటబడదు. అయినను మా యింట ప్రతిసాయంకాలమును ఒక బండి నడచుచునే యున్నది. పదునాఱేండ్ల మా అమ్మాయి కంప్యూటరునందు ట్రైన్ సిమ్యులేటరు అను ఆట యాడుచుండును. పొరుగున ఫిల్మునగరువారు కల్పనలతో లోకమును రంజింపజేయుచుండగా, మా బాలిక కల్పనలో రైలు నడపుట వింత కాదని మా వారందురు. ప్రక్కన గూర్చుండి చూచు మాకు మాత్రము బండివేగముకన్న పట్టాలు చీలుచోటే యాశ్చర్యకరముగ దోచినది.

దారి రెండుగా చీలుచోట కత్తివలె మొనదేలిన రెండు పట్టాలుండును. ఇవి కడ్డీచే గూర్పబడి యొక్కుమ్మడిగా కదలును. ఒకటి తన ప్రక్కనున్న కదలని పట్టాను అంటిపెట్టుకొనునప్పుడు రెండవది నాలుగైదంగుళములు ఎడమై నిలుచును. ఆ యెడమున చక్రపుటంచు దూరిపోవును. అంటియున్న మొన బండిని మరలించును. రైల్వేవారు వీనిని పాయింట్లందురు. అంత పెద్దబండి గమ్యమంతయు ఈ నాలుగైదంగుళములపై నున్నది గదా!

2001లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన ట్రైన్ సిమ్యులేటరులో ‘జీ’ మీట నొక్కినచో ముందున్న పాయింట్లును, షిఫ్టుతో గూర్చి నొక్కినచో వెనుకనున్నవియు మారును. నడపువారే దారి మార్చుకొందురు. నిజమైన రైలునందట్లు కాదు. లోకో పైలట్ చేతిలో వేగమున్నది గాని దారి లేదు. దారి కూర్చువారు స్టేషనునందుందురు. మొన సరిగా అంటి, తాళము పడిననే గాని సిగ్నలు పచ్చగా వెలుగకుండ కట్టుదిట్టము చేయుదురు. బండి దాటిపోవువఱకు ఆ తాళము వీడదు. దీనినే ఇంటర్‌లాకింగు అందురు. ఇట్టి విద్య నేర్పుటకై మన సికింద్రాబాదునందు 1957లో ‘ఇరిసెట్’ అను శిక్షణాలయము నెలకొల్పబడినది.

ఈ కట్టుదిట్టము తప్పిన నేమగునో 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగ బజారు స్టేషనుకడ లోకమెల్ల చూచినది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సునకు ముందుకు సాగుమని పచ్చదీపము చూపబడినది. పాయింట్లు మాత్రము ప్రక్కనున్న లూప్ లైనునకు తిరిగియున్నవి. అచట నిలిచియున్న గూడ్సుబండిని అది ఢీకొనెను. ఆ ఘోరమున 290 మందికి పైగా మరణించిరి. సిగ్నలు తీగెలను తప్పుగా కలుపుటయే మూలమని విచారణలో తేలినది. దీపమును నమ్మి నడచినవారి దోష మేమున్నది?

సోదరీమణులారా! ఇండ్లలోను ఇట్టి పాయింట్లు గలవు. మా అమ్మాయి ఇంటరులో గణితము చదువుచు, ఇంజనీరింగు ముగించి రైలు నడపవలెనని కోరుచున్నది. బంధువులలో నొకామె ఇటీవల మాతో, “వదినా! పైకి చదువుకొమ్మనుము. లోలోపల సంబంధము చూచియుంచుము. పదునెనిమిది నిండగనే ముడివేయవచ్చును” అనెను. మేలుకోరియే అన్నది, సందేహము లేదు. కాని మేమును మా వారును అందులకు సమ్మతింపలేదు. పిల్లకు పచ్చదీపము చూపి పట్టాలు వేఱొకవైపు త్రిప్పియుంచుట కాదా యిది? పెద్దలు దారి కూర్పవలదని మేమనము. కూర్చునది కూర్చి, అంటినదో లేదో చూచి, ఆ పిమ్మట దీపము వెలిగింపవలెను. పెండ్లిమాట వచ్చిననాడు మొదట ఆమెతోనే చెప్పెదము.

మన మాటయు మనము కూర్చిన దారియు నొక్కటిగా నుండిననే గదా, బిడ్డ మనలను నమ్మి నిర్భయముగా ముందుకు సాగగలుగును!