మోకాళ్ల మీద ఆశలు

2013 ఏప్రిల్ 27, శనివారం. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక అపార్ట్‌మెంట్. గుంటూరు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పొద్దున కాఫీ తాగి టీవీ ముందు కూర్చున్నవాడు ఇంకా లేవలేదు. పోనీ టీవీలో ఆట వస్తోందా అంటే అదీ లేదు. న్యూయార్క్‌లో ఒక వేదిక మీది నుంచి పేర్లు చదువుతున్నారు, అంతే. 131వ పేరు దగ్గర అతను సోఫాలోంచి ఒక్క గెంతు గెంతాడు. వంటింట్లోంచి భార్య తొంగిచూసింది.

"ఏమైందండీ?"

"మావాళ్లు లాటిమోర్‌ని తీసుకున్నారు."

"బాగా ఆడతాడా?"

"ఆడితే అంతటివాడు లేడు. మోకాలే కాస్త..."

మావాళ్లంటే శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. అమెరికన్ ఫుట్‌బాల్‌కు, మనం ఫుట్‌బాల్ అనే ఆటకు పేరు తప్ప పోలిక తక్కువ. అందులో రన్నింగ్ బ్యాక్ పని కబడ్డీలో కూతకు వెళ్లేవాడి పనిలాంటిది. బంతిని పొట్టకు హత్తుకుని ఎదుటి గుంపులోకి దూరాలి. కూతకు వెళ్లినవాడు ముట్టుకుని వెనక్కి వచ్చేస్తే చాలు. ఇతను మాత్రం ముందుకే పోవాలి, పడగొట్టేదాకా పోతూనే ఉండాలి. పడగొట్టేవాళ్లలో వంద కిలోలకు తగ్గనివాళ్లే ఎక్కువ, వాళ్లకు అందేవి కాళ్లు. రన్నింగ్ బ్యాక్ వృత్తి జీవితం సగటున మూడేళ్లు దాటదని అక్కడ చెప్పుకునేది అందుకే. ఇక ఆ పేర్ల కార్యక్రమం డ్రాఫ్ట్. మన ఐపీఎల్ వేలంలాంటిదే గానీ పాట ఉండదు. కాలేజీ కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా పంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడినవాడికి ముందు వంతు.

మార్కస్ లాటిమోర్‌ది మొదటి వంతుల్లో పోవాల్సిన పేరు. సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి ఏడాదే, 2010లో, 1,197 గజాలు పరుగెత్తి 17 టచ్‌డౌన్లు చేశాడు. 2011 అక్టోబరులో ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్స, నెలల తరబడి సాధన, మళ్లీ మైదానం. 2012 అక్టోబరు 27న టెనెసీతో ఆటలో ఈసారి కుడి మోకాలు. కీలు తప్పింది, ఒకటికి మించి లిగమెంట్లు తెగాయి, నరం దెబ్బతింది. టీవీలో ఆ దృశ్యం రెండోసారి చూడగలిగినవాళ్లు తక్కువ. ఎదుటి జట్టు ఆటగాళ్లు కూడా మైదానంలోకి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు. రెండు రోజుల తర్వాత అతని 21వ పుట్టినరోజు. ఆ రోజును అప్పటి గవర్నర్ నిక్కీ హేలీ 'మార్కస్ లాటిమోర్ దినం'గా ప్రకటించారు. ఆరు నెలలు తిరిగేసరికి అతన్ని నాలుగో రౌండులో శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుంది.

చుట్టుపక్కల ఊళ్లలోని అభిమానులకు ఇది ఎక్కడ లేని సంతోషం కలిగించింది. చవగ్గా దొరికాడన్నది అందరి నోటా వినిపించిన మాట. ఒక మనిషి గురించి మాట్లాడుతున్నామన్న ధ్యాస లేకుండా, మచ్చపడిన మామిడిపండు సగం ధరకు దొరికినట్టు మాట్లాడుకున్నారు. మన ఇంజనీరూ అందుకు మినహాయింపు కాదు. ఆఫీసు క్యాంటీన్‌లో అతను చేసిన వాదన ఒక్కటే: "ఫ్రాంక్ గోర్ మాత్రం?"

ఈ ఫ్రాంక్ గోర్ సంగతి చెప్పుకోకపోతే ఆ ఆశ అర్థం కాదు. మయామీ విశ్వవిద్యాలయంలో ఉండగా గోర్‌కు 2002లో ఒక మోకాలు, 2003లో రెండో మోకాలు పోయాయి. 2005 డ్రాఫ్ట్‌లో మొదటి అయిదు పేర్లలో మూడు రన్నింగ్ బ్యాక్‌లవే. వాటిలో గోర్ పేరు లేదు. మూడో రౌండులో 65వ పేరుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చాడు. మరుసటి ఏడాదే, 2006లో, 1,695 గజాలతో జట్టు రికార్డు సృష్టించాడు. ఆ జట్టుకు ఆడిన పదేళ్లలో ఎనిమిదిసార్లు వెయ్యి గజాలు దాటాడు. 2022లో అధికారికంగా వీడ్కోలు చెప్పే నాటికి అతని లెక్క 16,000 గజాలు. ఎమిట్ స్మిత్, వాల్టర్ పేటన్ తర్వాత చరిత్రలో మూడో స్థానం. ఆ 2005 డ్రాఫ్ట్‌లో తనకంటే ముందు ఎంపికైన రన్నింగ్ బ్యాక్‌లంతా ఆట మానేశాక కూడా గోర్ ఆడుతూనే ఉన్నాడు.

ఇంజనీరు అమెరికా వెళ్లింది 2005లోనే. ఆట నేర్చుకున్నది గోర్‌ను చూసే. అందుకే 2013 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ ఆఖరి ఘడియల్లో, అయిదు గజాల దూరంలో గీత ఊరిస్తుంటే, చివరి మూడు ప్రయత్నాల్లోనూ బంతిని గోర్ చేతికివ్వకుండా పాస్‌లు విసిరి 34-31తో ఓడిపోయినందుకు అతను వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మే నెల వస్తే గోర్‌కు 30 నిండుతాయి. వారసుడు కావాలి. ఆ వారసుడు కూడా రెండు మోకాళ్లూ పోగొట్టుకుని వచ్చినవాడే అయితే విధి తానే రాసిపెట్టినట్టు ఉంటుంది. అభిమానికి ఒక్క ఉదాహరణ దొరికితే చాలు, అదే సూత్రం. మోకాళ్లు పోయి గోర్‌లు కాలేకపోయినవాళ్లు గుర్తుండరు, వాళ్ల పేర్లు ఎవరూ చదవరు గనక.

ఆ సాయంత్రం, అంటే గుంటూరులో ఆదివారం పొద్దున, అమ్మ ఫోన్ చేసింది. ఉత్సాహం ఆపుకోలేక ఆమెకూ చెప్పాడు. తెగిన లిగమెంట్ స్థానంలో మరోచోటి నుంచి టెండన్ ముక్క తెచ్చి ఎలా అతుకుతారో, అది ఎముకలో నాటుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో వివరించాడు. ఆమె అంతా ఓపిగ్గా విన్నది.

"ఎవరి మోకాలురా?"

"మా జట్టులో కొత్త కుర్రాడమ్మా."

"నా మోకాలి ఎక్స్‌రే పంపించి నెలయింది. చూశావా?"

చూడలేదు.

2013 సీజన్ మొత్తం లాటిమోర్ గాయపడినవారి జాబితాలోనే ఉన్నాడు. జట్టు తొందరపెట్టలేదు. అభిమానులూ తొందరపడలేదు. పడనట్టే ఉండి వారంవారం వార్తలు వెతికారు. పరుగు మొదలెట్టాడట, పక్కలకు కదులుతున్నాడట, అంటూ సాగిన కబుర్లవి. 2014లో కొత్త లీవైస్ స్టేడియం సన్నీవేల్‌కు పక్కనే, శాంటాక్లారాలో తెరుచుకుంది. ఇంజనీరు టికెట్లు కొన్నాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్ రెండో రౌండులో జట్టు కార్లోస్ హైడ్ అనే మరో రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంది. క్యాంటీన్ మేధావులు దాన్ని ముందుజాగ్రత్త అనుకున్నారు. జట్టుకు అప్పటికే అర్థమైందేమో. అర్థంకానిది అభిమానులకే.

2014 నవంబరు 5న లాటిమోర్ ఆట విరమిస్తున్నట్టు ప్రకటించాడు. అప్పటికి అతని వయసు 23. ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. మోకాలు నొప్పి పోలేదు, అంతే. క్యాంటీన్‌లో ఆ రోజు ఎక్కువ చర్చ జరగలేదు. "నాలుగో రౌండే కదా, పెద్ద నష్టం కాదు" అన్నారెవరో. కిందటేడు తానూ ఇదే లెక్కతో సంబరపడ్డాడని ఇంజనీరుకు గుర్తొచ్చి మాట పెగల్లేదు.

మరుసటి వేసవిలో గుంటూరులో అమ్మకు మోకాలి మార్పిడి చేశారు. సెలవు పెట్టి వచ్చాడు. మూడో రోజు ఫిజియోథెరపిస్టు వచ్చి, మడమ కింద చెయ్యిపెట్టి, మోకాలిని మెల్లిగా వంచాడు. తొంభై డిగ్రీలు రావాలట. అమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లుగా ఏ ఆటగాడి ఏ లిగమెంట్ ఎన్ని నెలల్లో అతుక్కుంటుందో గుక్కతిప్పుకోకుండా చెప్పగల మనిషి, యాభై డిగ్రీల దగ్గరే లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

లోపలికి వచ్చేసరికి ఆమె చెమట తుడుచుకుంటోంది.

"నీ జట్టు కుర్రాడు, మోకాలు పోయినవాడు, ఏమయ్యాడ్రా?"

"ఆడటం మానేశాడమ్మా."

"నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు."

లాటిమోర్ ఆ తర్వాత ఒక పాఠశాల జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. 2018లో తాను చదివిన విశ్వవిద్యాలయంలోనే ఆటగాళ్ల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరాడు. ఆ రోజుకి ఆ సంగతులు ఇంకా జరగలేదు. అమ్మకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది.

"మరి ఆ రోజు వాళ్లమ్మ ఎక్కడుంది? ఆట చూట్టానికి వెళ్లిందా?"

అతని గజాలు, టచ్‌డౌన్లు, రెండు ఆపరేషన్ల వివరాలు అన్నీ నోటికొచ్చిన కొడుకు తెల్లమొహం వేశాడు.

"తెలీదమ్మా" అని దిండు సర్దాడు.